చెట్టుపాలతో చేసిందే కదా, ఎరువు డ్రమ్ములో కలిసిపోదా?

ప్రశ్న: మాది తిరుపతి పక్కన అవిలాల. అద్దె ఇల్లు. మిద్దె మీద డ్రమ్ములో వంటింటి చెత్తతో ఎరువు తయారు చేస్తుంటాను. కండోమ్‌లు రబ్బరు చెట్టు పాలతోనే చేస్తారని ఎక్కడో చదివి, నాలుగు నెలల కిందట ఓ అయిదారు ఆ డ్రమ్ములోనే వేశాను. మొన్న తిరగేస్తే కూరగాయల తొక్కలన్నీ నల్లటి మట్టి అయిపోయాయి, అవి మాత్రం చెక్కుచెదరలేదు. మావారేమో టాయిలెట్‌లో వేసి నీళ్లు వదిలేయమంటారు. కింద ఓనరు వాళ్లదీ మాదీ ఒకటే సెప్టిక్ ట్యాంకు. ఆన్‌లైన్‌లో 'బయోడీగ్రేడబుల్' అని రాసినవి రెట్టింపు ధరకు అమ్ముతున్నారు. గొర్రె పేగుతో చేసినవీ ఉంటాయట. వీటిలో నిజంగా మట్టిలో కలిసేది ఏది? చెత్త బండిలో వేద్దామంటే సిగ్గు. పైగా మా వీధి కుక్కలు సంచులు చించి రోడ్డంతా పరుస్తాయి. పేరు వేయకండి.

జవాబు: మీ డ్రమ్ము మీకు ఉన్నమాటే చెప్పింది. ఇంకో నాలుగు నెలలు ఆగినా అవి అక్కడే ఉంటాయి. తప్పు డ్రమ్ముది కాదు, మీరు తిప్పిన తీరుదీ కాదు. చెట్టు నుంచి వచ్చిన పాలకూ, పొట్లంలో మన చేతికొచ్చే వస్తువుకూ మధ్య ఒక ఫ్యాక్టరీ ఉంది. చిక్కంతా అక్కడే.

రబ్బరు చెట్టుకు గాటు పెడితే కారే పాలలో రబ్బరు మూడో వంతే. మిగిలింది నీళ్లు, కాసిని మాంసకృత్తులు, చక్కెరలు. గడ్డకట్టకుండా అమ్మోనియా వేసి, యంత్రంలో గిర్రున తిప్పి, రబ్బరు 60 శాతం ఉండేలా చిక్కబరుస్తారు. ఇక్కడిదాకా అది చెట్టు సరుకే. ఇలాంటి పాలను నేలమీద ఒలకబోస్తే మట్టిలోని సూక్ష్మజీవులు వాటిని కొద్దికొద్దిగా తినగలవు. కానీ కండోమ్‌కు ఆ పాలు పనికిరావు. వాటిలో గంధకం, జింక్ ఆక్సైడు, గంధకం పనిని తొందరపెట్టే రసాయనాలు, రబ్బరు ముదిరిపోకుండా కాపాడే యాంటీ ఆక్సిడెంట్లు కలుపుతారు. గాజు అచ్చులను ఆ మిశ్రమంలో రెండుసార్లు ముంచి తీసి, ఆరబెట్టి, వేడి చేస్తారు. ఆ వేడికి గంధకం, పక్కపక్కన పడున్న దారాల్లాంటి రబ్బరు అణువులను ఒకదానితో ఒకటి ముడివేస్తుంది. దీన్నే వల్కనైజేషన్ అంటారు. ఆ ముడులు పడ్డాకే రబ్బరు లాగితే సాగి, వదిలితే యథాస్థితికి వస్తుంది. 0.06, 0.07 మిల్లీమీటర్ల పలచటి పొర అంత ఒత్తిడిని తట్టుకునేదీ ఆ ముడుల బలంతోనే.

ఇక మట్టి వైపు నుంచి చూద్దాం. రబ్బరును తినగల బ్యాక్టీరియా ఉన్నాయి. గోర్డోనియా, నోకార్డియా, స్ట్రెప్టోమైసిస్ జాతుల్లో కొన్ని ఆ పని చేస్తాయి. అవి ఒక ఎంజైమును బయటికి వదిలి, రబ్బరు గొలుసులోని జంట బంధాలను ఆక్సిజన్ సాయంతో తెంచుతాయి. ఆ తునకలను తర్వాత లోపలికి తీసుకుని తింటాయి. ఈ ఒక్క వాక్యంలోనే మీ ప్రశ్నకు సగం జవాబుంది. ఎంజైము పై పొరనే తాకగలదు కాబట్టి పని నత్తనడక. గంధకం ముడులు పడ్డ చోట ఇంకా కష్టం. కలిపిన యాంటీ ఆక్సిడెంట్ల పని రబ్బరును ఆక్సిజన్ నుంచి కాపాడటమే, అంటే సూక్ష్మజీవులకు ఏది ఆయుధమో దానికే అవి అడ్డు. అన్నిటికంటే ముఖ్యం, గాలి ఆడని చోట ఈ బ్యాక్టీరియా ఏమీ చేయలేదు.

లేటెక్స్ (రబ్బరు చెట్టు పాలు) కండోమ్‌లకున్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 4074 ప్రకారం, తయారైన నాటి నుంచి గడువు అయిదేళ్లకు మించకూడదు. తిప్పి చదివితే, అయిదేళ్లపాటు పాడవకుండా నిలిచేలా తయారు చేయాలన్నదే కంపెనీ తాపత్రయం. నాలుగు నెలల్లో మట్టయ్యే రబ్బరు పొట్లంలో ఉండగానే బలహీనపడుతుంది. అలాంటిదాన్ని మీరు కొనకూడదు కూడా.

ఇదే రబ్బరుతో చేసే బెలూన్ల మీద ఆస్ట్రేలియాలోని టాస్మానియా విశ్వవిద్యాలయం పరిశోధకులు ఒక పరీక్ష చేశారు. బెలూన్లను ఉప్పునీటిలో, మంచినీటిలో, పెద్ద ఎత్తున ఎరువు తయారుచేసే చోట 16 వారాలు ఉంచి చూశారు. చాలావరకు ఆకారం, పరిమాణం అలాగే మిగిలాయి. ఓక్ చెట్టు ఆకు ఎంత కాలంలో కుళ్లుతుందో బెలూనూ అంతే కాలంలో కుళ్లుతుందని అమ్మేవాళ్లు ఏళ్ల తరబడి చెప్పుకొచ్చిన మాట అక్కడ నిలబడలేదు. ఎరువు కుప్ప వేడిలోనే కానిది, మిద్దె మీది డ్రమ్ములో అవుతుందని ఆశపడటం దండగ.

'పాత ఫైలుకు చుట్టిన రబ్బరు బ్యాండు మన ఎండలకు ఏడాదికే జిగురై, తర్వాత పెళుసై విరిగిపోతుంది కదా' అని మీకు అనుమానం రావచ్చు. నిజమే. ఎండలోని అతినీలలోహిత కిరణాలు, గాలిలోని ఓజోను, వేడి కలిసి చేసే పని అది. రబ్బరు ముక్కలైంది తప్ప ఎవరికీ ఆహారం కాలేదు. కొబ్బరి నూనె తగిలితే కండోమ్ ఉబ్బి పుటుక్కున తెగడం కూడా ఈ కోవదే. నూనె రబ్బరులోకి దూరి దాన్ని బలహీనం చేస్తుంది, మట్టి చేయదు. (మాట వచ్చింది కాబట్టి: లేటెక్స్ వాడేటప్పుడు కొబ్బరి నూనె, నువ్వుల నూనె, వ్యాజిలిన్, బేబీ ఆయిల్ ఏవీ దగ్గరికి రానీయకండి. మినరల్ ఆయిల్ తగిలిన ఒక్క నిమిషానికే బలం దాదాపు 90 శాతం పోయినట్టు పరీక్షల్లో తేలింది. నీటితో చేసిన లూబ్రికెంటు గానీ సిలికాన్‌ది గానీ వాడాలి.)

రకాల సంగతికి వద్దాం. మన ఊళ్లో మందుల షాపులో అడిగితే ఇచ్చేవి, ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా ఇచ్చే నిరోధ్‌లు, దాదాపు అన్నీ పైన చెప్పిన లేటెక్సే. 'నాన్ లేటెక్స్' అని అమ్మేవాటిలో ఎక్కువ భాగం పాలీ ఐసోప్రీన్. ఇది చెట్టు రబ్బరుకు కవల లాంటిది. అణువు నిర్మాణం దాదాపు అదే, కాకపోతే పెట్రోలియం నుంచి ఫ్యాక్టరీలో చేస్తారు. దీనికీ గంధకం ముడులు పడాల్సిందే, కాబట్టి మట్టిలో దీని గతీ అంతే. చెట్టుపాలలోని మాంసకృత్తులు ఇందులో ఉండవు. అందుకే లేటెక్స్‌తో దురద, దద్దుర్లు వచ్చేవాళ్లకు ఇది మంచి దారి. ఆ కారణానికి కొనండి, పర్యావరణం కోసమని కొనకండి.

పాలీయురేతేన్ సంగతి వేరు. ఇది ప్లాస్టిక్కే. జపాన్‌లో 0.02 మిల్లీమీటర్ల మందంతో కూడా చేస్తారు. నూనె తగిలినా పాడవదు, వాసన ఉండదు. అయితే లేటెక్స్ అంత సాగదు కాబట్టి వాడకంలో చిరిగేది దానికంటే ఎక్కువ. పాలీయురేతేన్‌ను తినే శిలీంధ్రాలున్నాయని వార్తలు వస్తుంటాయి. అవి ప్రయోగశాలలో, అందులోనూ కొన్ని రకాల పాలీయురేతేన్ మీద జరిగిన పనులు. మీ డ్రమ్ములో ఆ అద్భుతం జరగదు. ఆడవాళ్లు వాడే కండోమ్‌లలో కొన్ని నైట్రైల్‌వి, అంటే ఆసుపత్రిలో వాడే నీలం రంగు గ్లవ్స్ లాంటి కృత్రిమ రబ్బరు. అది మట్టిలో కరిగే విషయం మాట్లాడుకోనక్కర్లేదు.

మిగిలింది గొర్రె పేగు. మీరు విన్నది నిజమే. గొర్రె పేగులో ఒక భాగాన్ని శుభ్రం చేసి తయారు చేస్తారు. రబ్బరు కాదు, ప్లాస్టిక్కు కాదు, జంతు కణజాలం. మట్టిలో కుళ్లిపోయేది ఈ అన్నిటిలోకీ ఇదొక్కటే. కానీ ఆ పొరలో సహజంగానే సూక్ష్మమైన రంధ్రాలుంటాయి. వాటిలో పెద్దవి 1,500 నానోమీటర్ల వరకు ఉండొచ్చు. వీర్యకణం అంతకంటే పెద్దది, అందుకని గర్భం రాకుండా ఆపుతుంది. హెచ్ఐవీ ఆ రంధ్రంలో పదో వంతు కూడా ఉండదు, హెపటైటిస్ బి వైరస్ ఇంకా చిన్నది. కాబట్టి జబ్బుల నుంచి రక్షణకు ఇది పనికిరాదు. మన దగ్గర షాపుల్లో దొరకడమూ అరుదే. దొరికినా డ్రమ్ములో వేస్తే ఆ వాసనకు మీ వీధి కుక్కలు మిద్దె ఎక్కుతాయి. ఎరువు డ్రమ్ములో మాంసం వేయొద్దనేదీ ఇందుకే.

ఇక ఆ రెట్టింపు ధర సరుకు. 'సహజ రబ్బరుతో చేసింది' అన్నది నిజం కావచ్చు. చాలా లేటెక్స్ కండోమ్‌లకూ అదే వర్తిస్తుంది. 'వేగన్' అన్న ముద్రకు అర్థం, తయారీలో పశువుల పాల నుంచి తీసే కేసీన్ అనే మాంసకృత్తు వాడలేదని. మట్టిలో కలవడానికీ దానికీ సంబంధం లేదు. 'బయోడీగ్రేడబుల్' అన్నప్పుడు మాత్రం మూడు విషయాలు అడగండి: ఎంత కాలంలో, ఎలాంటి చోట, ఏ పరీక్ష ప్రకారం. ప్లాస్టిక్కు వస్తువు కంపోస్టు అవుతుందని చెప్పుకోవాలంటే ఐఎస్ఓ 17088 లాంటి ప్రమాణాలు 180 రోజుల్లోపు అందులోని కార్బన్‌లో 90 శాతం కార్బన్ డయాక్సైడుగా మారాలంటాయి. అదీ పెద్ద కంపోస్టు యార్డు వేడిలో. పొట్లం మీద ఈ వివరాలేవీ లేకుండా ఆకుపచ్చ ఆకు బొమ్మ మాత్రమే ఉంటే, ఆ బొమ్మకే మీరు డబ్బు కడుతున్నట్టు. ఇలాంటి పర్యావరణ గొప్పలకు ఆధారం చూపాలని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2024లో మార్గదర్శకాలు ఇచ్చింది. మోసమనిపిస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు.

రబ్బరు సంగతి అలా ఉంచి, దాని చుట్టూ ఉన్నవీ చూడండి. లోపలి జిడ్డు సాధారణంగా సిలికాన్ నూనె. అది సూక్ష్మజీవులకు ఆహారం కాదు. పొట్లం అల్యూమినియం రేకు, దానికి అతికించిన ప్లాస్టిక్కు పొరలు. ఆ రెంటినీ విడదీయడం కష్టం కాబట్టి పాత సామాన్ల వాళ్లు తీసుకోరు. అసలు తిరిగి పనికొచ్చేది బయటి అట్టపెట్టె ఒక్కటే. మూడేసి ఉన్న పెట్టెల బదులు పది, ఇరవై ఉన్న పెట్టె కొంటే అట్ట, ప్లాస్టిక్కు చుట్టు కొంత తగ్గుతాయి. అయితే ఎక్కువ కొన్నప్పుడు గడువు చూసుకోండి. మన ఎండాకాలం 40 డిగ్రీలు దాటుతుంది. బైకు డిక్కీలో, కిటికీ పక్క అల్మరాలో, పర్సులో పెట్టకండి. బీరువాలో బట్టల మధ్య చల్లగా ఉన్నచోట పెట్టండి.

ఇప్పుడు మీవారి సలహా. దీని గురించి కాస్త గట్టిగానే చెప్పాలి: టాయిలెట్‌లో అస్సలు వేయొద్దు. బేసిన్ కింద వంపు తిరిగిన ట్రాప్ ఉంటుంది, దాని తర్వాత నాలుగంగుళాల పైపు. నీళ్ల ఊపుకు కండోమ్ ట్రాప్ దాటినట్టే ఉంటుంది. పైపు జాయింటులో కాస్త గరుకు తగిలితే చాలు, అక్కడ అతుక్కుని సాగుతుంది. దానికి వెంట్రుకలు చుట్టుకుంటాయి, తుడుచుకునే వెట్ వైప్స్ తగులుకుంటాయి, రెండు నెలలకు అది బిరడా అవుతుంది. ముడివేసి పడేస్తే లోపలి గాలితో తేలుతూ ట్యాంకు దాకా వెళ్లి పైనున్న తెట్టెలో చిక్కుకుంటుంది. అక్కడి నుంచి ఇంకుడు గుంతకు పోయే పైపు మూతి దగ్గర అడ్డం పడితే ట్యాంకు నీళ్లు వెనక్కి తంతాయి. మొదట పొంగేది కింది ఇంట్లో, అంటే ఓనరు బాత్రూములో. సెప్టిక్ ట్యాంకులో గాలి ఉండదు కాబట్టి పైన చెప్పిన బ్యాక్టీరియా అక్కడ ఉన్నా పనిచేయవు. ట్యాంకు లారీ వచ్చి ఖాళీ చేసే రోజు దాకా అవి పడినవి పడినట్టే ఉండి, లారీ గొట్టానికి అడ్డం పడతాయి. అప్పుడు ఎవరో ఒకరు చెయ్యి పెట్టి లాగాలి. రక్షణ సామగ్రి లేకుండా మనుషుల చేత సెప్టిక్ ట్యాంకులు, మురుగు కాలువలు శుభ్రం చేయించడాన్ని 2013 చట్టం నిషేధించింది. మనం వేసేది వేస్తుంటే ఆ చట్టం కాగితం మీదే మిగులుతుంది. ఊళ్లో అండర్‌గ్రౌండ్ డ్రైనేజీ ఉన్న వీధిలో ఉన్నా ఇదే మాట. అక్కడ మ్యాన్‌హోల్ దగ్గరో, మురుగు శుద్ధి కేంద్రం జాలీ దగ్గరో ఆగుతుంది, అంతే తేడా.

కాల్చడమూ వద్దు. గంధకం ఉన్న రబ్బరు నల్లటి మసి, ఘాటైన పొగ వదులుతుంది. రేకు పొట్లంలో ప్లాస్టిక్కు ఉంది. చెత్తను ఆరుబయట కాల్చడాన్ని నిబంధనలూ ఒప్పుకోవు.

మరి ఏం చేయాలి? 2016 ఘన వ్యర్థాల నిబంధనలు కండోమ్‌లను డైపర్లు, శానిటరీ ప్యాడ్‌లతో కలిపి 'శానిటరీ వ్యర్థాలు' అన్న గంపలో పెట్టాయి. గట్టిగా చుట్టి, తడి చెత్తలో కాకుండా పొడి చెత్తలో ఇవ్వాలని అప్పట్లో చెప్పాయి. 2026 ఏప్రిల్ నుంచి వాటి స్థానంలో వచ్చిన కొత్త నిబంధనలు శానిటరీ చెత్తను తడి, పొడి చెత్తలతో కలపకుండా విడిగా ఇవ్వమంటాయి. మీ వీధి బండికీ అలా విడిగానే ఇవ్వండి. తడి చెత్తలో ఎందుకు వద్దంటే, ఊళ్లలో 'చెత్త నుంచి సంపద' కేంద్రాలకు, అంటే చెత్తతో ఎరువు చేసే షెడ్లకు, చేరే తడి చెత్త నేరుగా వానపాముల తొట్టెల్లోకి పోతుంది. మీ డ్రమ్ములో జరిగిందే అక్కడా జరుగుతుంది, కాకపోతే ఏరేది మీరు కాదు.

వాడిన వెంటనే మొదలు దగ్గర ముడి వేయండి. పాత దినపత్రికలో సగం పేజీ తీసుకుని రెండు మడతలు చుట్టి, మందుల షాపువాళ్లు ఇచ్చే గోధుమరంగు కాగితం కవరులో పెట్టి నోరు మడవండి. కవరు మీద పెన్నుతో ఎర్ర చుక్క పెడితే ఏరేవాళ్లకు విప్పకూడదని తెలుస్తుంది. నల్ల ప్లాస్టిక్ కవరు వాడకండి. 120 మైక్రాన్ల కంటే పలచటి క్యారీ బ్యాగుల మీద 2022 చివరి నుంచి నిషేధం ఉంది. పైగా లోపల ఏముందో చూద్దామని విప్పేది ఎక్కువగా నల్ల కవర్లనే. బాత్రూములో కాలితో నొక్కితే తెరుచుకునే చిన్న డబ్బా పెట్టుకుని, ప్యాడ్‌లూ ఇవీ అందులోనే వేయండి. బండి వచ్చే రోజు పొద్దున్నే తీసి చేతికివ్వండి. రాత్రే గేటు బయట పెట్టడం వల్లనే కుక్కలకు పండగ. ఇక సిగ్గు అంటారా, బండిలో వచ్చే అమ్మకు రోజుకు ఇలాంటి పొట్లాలు వందలు చేతికి వస్తాయి. చుట్టిన పొట్లాన్ని ఆమె పట్టించుకోదు, ఇబ్బందల్లా చుట్టకుండా వేసినదానితోనే.

గడువు దాటిన కొత్తవి ఉంటే పొట్లం విప్పి, కత్తెరతో ఒక గాటు పెట్టి, ఇలాగే చుట్టి పడేయండి. మళ్లీ ఎవరూ వాడకుండా ఆ గాటు. పిల్లలకు బెలూన్లుగా ఇవ్వకండి, గొంతుకు అడ్డం పడే ప్రమాదముంది.

ఇవన్నీ చూశాక కండోమ్‌ల వాడకమే తప్పేమో అన్న గుబులు పెట్టుకోకండి. ఒక్కోటి బరువు రెండు గ్రాములలోపే. అనుకోకుండా ఒక బిడ్డ పుడితే ఇంట్లో రోజుకు అయిదారు డైపర్లు పోతాయి, అదీ రెండేళ్లపాటు. లెక్క మీరే వేసుకోండి.

చివరిగా మీ డ్రమ్ము. చేతికి గ్లవ్స్ వేసుకుని, పాత గోనెపట్టా మీద మొత్తం కుమ్మరించండి. పెద్దవి చేతికే తగులుతాయి, చిమటాతో తీసేయండి. మిగిలింది ఇసుక జల్లెడలో, సెంటీమీటరు కన్నాలున్నదైతే మేలు, వేసి ఆడించండి. ఎరువు తడిగా ఉంటే జల్లెడకు అతుక్కుంటుంది, ఒకరోజు నీడన ఆరబెట్టాక జల్లించండి. రబ్బరు ముక్కలు పైన మిగులుతాయి, తెల్లగానో పసుపుగానో సాగుతూ కనిపిస్తాయి కాబట్టి ఆకుల ఈనెలతో పొరపడరు. అవన్నీ కాగితంలో చుట్టి శానిటరీ చెత్తలోకి. జల్లించిన ఎరువును ఇంకో నెల తేమ తగ్గకుండా మగ్గనివ్వండి. పిడికిట్లో నొక్కితే చుక్క కారకుండా ముద్దయ్యేంత తేమ చాలు. తర్వాత మల్లె, గులాబి కుండీలకు వాడండి. పచ్చిగా తినే కొత్తిమీర, పుదీనా, టమాటాలకు ఈ విడత వేయకుండా ఆపి, వచ్చే విడత ఎరువు వేయండి.